హెచ్ఆర్ వృత్తి కోసం డిగ్రీలో మేనేజ్‌మెంట్, న్యాయం కలిపి చదవడం ఎలా?

ఇంటర్మీడియట్ పూర్తి చేసి, సంస్థల నిర్వహణ (మేనేజ్‌మెంట్), న్యాయశాస్త్రం, మానవ వనరులు (హెచ్ఆర్) అనే మూడింటి మీద ఆసక్తి ఉన్న విద్యార్థుల కోసం, వారి చదువుకు డబ్బు కట్టబోయే తల్లిదండ్రుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మాటకారితనం ఉంటే హెచ్ఆర్ ఉద్యోగానికి సరిపోతుందని, ఇంటర్వ్యూలు తీసుకోవడం, పండుగలకు ఆఫీసులో కార్యక్రమాలు జరిపించడమే ఆ పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక మనిషి చేతికి నియామక పత్రం ఇచ్చిన రోజు నుంచి, అతను పని మానేసి చివరి లెక్క తీసుకుని వెళ్లే రోజు వరకు హెచ్ఆర్ విభాగం చేసే దాదాపు ప్రతి పనికీ ఏదో ఒక చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం తెలియని అధికారి యాజమాన్యం చెప్పింది చేయగలడే తప్ప, అది చెల్లదని ధైర్యంగా చెప్పలేడు. అందువల్ల ఈ మూడు విషయాలనూ కలిపి చదవాలనుకునే వారు న్యాయాన్ని పరీక్ష కోసం ఒక పేపరుగా చూడకుండా, మొదటి ఏడాది నుంచే మిగతా రెండింటికీ ఆధారంగా పెట్టుకోవాలని నా గట్టి సలహా.

మొదటి అడుగు: దారి ఎంచుకోవడం

ఇంటర్ తర్వాత ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. మొదటిది, బీబీఏ (మేనేజ్‌మెంట్ డిగ్రీ), ఎల్ఎల్‌బీ (న్యాయ డిగ్రీ) రెండూ కలిసిన ఐదేళ్ల కోర్సు. రెండవది, మూడేళ్ల బీబీఏ లేదా బీకాం పూర్తి చేసి, ఆ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరడం. మూడవది, బీబీఏ తర్వాత హెచ్ఆర్ ప్రధానాంశంగా ఎంబీఏ చేస్తూ, కార్మిక చట్టాలను ఆ చదువులో భాగంగానే నేర్చుకోవడం.

ఎంచుకునే ముందు రెండు నియమాలను తప్పక తెలుసుకోవాలి. ఒకటి, ఐదేళ్ల కోర్సు మధ్యలో బయటికి వచ్చే వీలు లేదు. న్యాయవాదుల వృత్తిని, న్యాయవిద్యను నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం, మూడేళ్లు చదివి ‘నాకు బీబీఏ పట్టా చాలు’ అని ఆగిపోతే ఆ పట్టా ఇవ్వరు. జాతీయ విద్యా విధానం కింద సాధారణ డిగ్రీలలో కనిపించే మధ్యంతర నిష్క్రమణ సౌకర్యాన్ని చూసి ఇక్కడా అలాగే ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. రెండు, పూర్తికాలం జీతం మీద ఉద్యోగం చేస్తున్నవారు అదే సమయంలో న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. బార్ కౌన్సిల్ నిబంధనలలో నలభై తొమ్మిదవది ఈ విషయమే చెబుతుంది. కాబట్టి ‘పగలు కంపెనీలో హెచ్ఆర్, మిగతా సమయంలో కోర్టులో కేసులు’ అనే ఆలోచన కుదరదు. హెచ్ఆర్ అధికారికి ఎల్ఎల్‌బీ విజ్ఞానాన్ని ఇస్తుంది, కంపెనీ లీగల్ విభాగానికి మారే వీలు ఇస్తుంది, ఉద్యోగం మానేసిన రోజున నల్లకోటు వేసుకునే అర్హతను నిలిపి ఉంచుతుంది.

ఈ రెండు నియమాలు తెలిసిన తర్వాత నిర్ణయం కొంత సులువవుతుంది. పద్ధెనిమిదేళ్ల వయసులోనే న్యాయవృత్తి మీద స్పష్టమైన ఇష్టం ఉన్నవారికి ఐదేళ్ల కోర్సు మంచిది, ఎందుకంటే విడివిడిగా ఆరేళ్లు పట్టే చదువు అందులో ఒక ఏడాది తగ్గుతుంది. ఆ స్పష్టత ఇంకా లేనివారు, ఇంటి పరిస్థితుల వల్ల మూడేళ్లకే సంపాదన మొదలుపెట్టవలసి వచ్చేవారు రెండవ దారిలో వెళ్లడమే క్షేమం. అయితే ఎల్ఎల్‌బీని దూరవిద్యలో చదివితే న్యాయవాదిగా నమోదు కావడానికి అది పనికిరాదు. తరగతులకు హాజరు కావలసిందే. ఉద్యోగంలో చేరిన తర్వాత తీరిగ్గా లా చేద్దామనుకునే వారు ఈ హాజరు సంగతిని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

రెండవ అడుగు: ప్రవేశం

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఐదేళ్ల, మూడేళ్ల న్యాయ కోర్సులకు ప్రవేశం లాసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది. ఐదేళ్ల కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా అర్హులే; సాధారణ వర్గం వారికి 45 శాతం, ఓబీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. పరీక్ష తొంభై నిమిషాలు, 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జ్, మేధాశక్తికి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అధ్యయనంపై అభిరుచికి 60 మార్కులు కేటాయిస్తారు. సగం మార్కులు చివరి భాగంలోనే ఉన్నాయి కాబట్టి, రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు, న్యాయస్థానాల నిర్మాణం, నేరం, ఒప్పందం వంటి మౌలిక భావనల మీద ఎక్కువ సమయం పెట్టండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అది పూర్తిగా ఆంగ్లంలో, రెండు గంటలలో 120 ప్రశ్నలతో ఉంటుంది; తప్పు సమాధానానికి పావు మార్కు పోతుంది. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నం దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ పరీక్ష ద్వారానే విద్యార్థులను తీసుకుంటాయి. మేనేజ్‌మెంట్‌తో కలిసిన బీబీఏ ఎల్ఎల్‌బీయే కావాలనుకుంటే కటక్, గాంధీనగర్‌లలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలను కూడా చూడవచ్చు. బీబీఏ మాత్రమే చదివేవారు తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల విధానం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా దరఖాస్తు చేస్తారు.

ఆప్షన్లు పెట్టే ముందు కళాశాల గురించి కొన్ని విషయాలు స్వయంగా తెలుసుకోండి. లా కోర్సుకు ఆ విద్యాసంవత్సరానికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా, 2024-25 నుంచి బీబీఏకు కూడా అవసరమైన ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) ఆమోదం ఉందా, కార్మిక చట్టం చెప్పే అధ్యాపకులు శాశ్వతంగా ఉన్నారా లేక ఆ పేపరును పరీక్షల ముందు హడావిడిగా ముగిస్తున్నారా అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు ఆఫీసు గదిలో దొరకదు. మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థులను ఆవరణలో కలిసి అడిగితే ఉన్నదున్నట్లు చెబుతారు.

మూడవ అడుగు: మొదటి ఏడాదిలో పునాది

మొదటి రెండు సెమిస్టర్లలో అందరూ తేలికగా తీసుకునే పేపరు మేనేజ్‌మెంట్ సూత్రాలు, అందరూ భయపడే పేపరు ఒప్పంద చట్టం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. అమెరికా ఇంజనీరు టేలర్ 1911లో ప్రతిపాదించిన శాస్త్రీయ నిర్వహణ కార్మికుడి పనిని నిమిషాలుగా కొలిచింది. షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగిన అధ్యయనాలు, కొలతకు అందని గుర్తింపు, తోటివారితో సంబంధం వంటివి కూడా పనిని ప్రభావితం చేస్తాయనే ఆలోచనకు బలమిచ్చాయి. ఒప్పంద చట్టం ఇదే సంబంధాన్ని మరో వైపు నుంచి చూస్తుంది: ఇద్దరూ స్వేచ్ఛగా అంగీకరించారా, ఒకరి అవసరాన్ని మరొకరు వాడుకున్నారా అని అడుగుతుంది. ఉద్యోగమంటే ఒక ఒప్పందం, అదే సమయంలో ఒక మానవ సంబంధం కూడా. ఈ రెండు కోణాలూ మొదటి ఏడాదిలోనే పట్టుబడితే మిగతా నాలుగేళ్ల చదువు తేలికవుతుంది.

1872 నాటి భారత ఒప్పంద చట్టాన్ని గైడ్లలో కాకుండా బేర్ యాక్ట్‌లో, అంటే వ్యాఖ్యానం లేని మూల చట్టంలో చదవండి. కేంద్ర ప్రభుత్వపు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో అది ఉచితంగా దొరుకుతుంది. ఒక సెక్షన్ చదివాక పుస్తకం మూసి, దాన్ని తెలుగులో మీ సొంత మాటల్లో ఒక వాక్యంగా రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులకు ఇది అన్నిటికంటే మేలైన సాధన, ఎందుకంటే ముందు విషయం తెలుగులో స్థిరపడితే, దాన్ని పరీక్షలో ఆంగ్లంలో రాయడం కేవలం మాటల సమస్యగా మిగులుతుంది.

నాలుగవ అడుగు: కార్మిక చట్టాలను పాతవీ కొత్తవీ కలిపి చదవడం

ఈ చదువు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే. ఇరవై తొమ్మిది కేంద్ర కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా, అంటే సమగ్ర చట్టాలుగా కుదించారు: 2019 నాటి వేతనాల కోడ్, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. ఇవి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. అయితే గ్రంథాలయాల్లోని పుస్తకాలు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 నాటి కర్మాగారాల చట్టం వంటి పాతవాటి మీదే రాసినవి. పాతవి చదవడం దండగ అని మాత్రం అనుకోవద్దు. కోర్టులు దశాబ్దాలుగా ఇచ్చిన తీర్పులన్నీ వాటి మీదే ఉన్నాయి, కొత్త కోడ్‌లలోని అనేక మాటలకు అర్థం ఆ తీర్పుల నుంచే వస్తుంది.

ఇందుకు ఒక నోటుపుస్తకాన్ని ప్రత్యేకంగా పెట్టుకుని, ప్రతి పేజీనీ నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు పాత నియమం, కుడివైపు కొత్తది రాయండి. ఉదాహరణకు, కార్మికులను తొలగించడానికి, కర్మాగారం మూయడానికి ప్రభుత్వ ముందస్తు అనుమతి పాత చట్టం కింద వంద మంది పనిచేసే చోట అవసరమయ్యేది. ఇప్పుడు ఆ సంఖ్య మూడు వందలు. నిర్ణీత కాలానికి నియమించిన ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు పని ముగిసేటప్పుడు ఇచ్చే మొత్తం రావడానికి ఇప్పుడు ఐదేళ్లు అక్కర్లేదు, ఏడాది సర్వీసు చాలు. రాజీనామా చేసినా, తొలగించినా వేతన బకాయిలను రెండు పనిదినాలలో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు, అంటే చివరి లెక్క కోసం నెలల తరబడి తిరిగే మన పిల్లలకు ఈ ఒక్క నియమం తెలిసినా ఎంతో మేలు. ఇలా రాస్తూ పోతే ఏ మార్పు ఎవరికి లాభించిందో మీకే కనిపిస్తుంది. అనుమతి పరిమితిని పెంచడం పరిశ్రమలు విస్తరించడానికి మంచిదని ప్రభుత్వం అంటుంది, ఉద్యోగ భద్రతకు దెబ్బ అని కార్మిక సంఘాలు అంటాయి. హెచ్ఆర్‌లో పనిచేయబోయేవారు రెండు వాదనలనూ, ఎదుటివారు ఒప్పుకునేంత నిజాయితీగా చెప్పగలిగేలా తయారు కావాలి.

హైదరాబాద్, విశాఖపట్నాలలోని ఆఫీసుల్లో పనిచేయాలనుకునే వారు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టాన్ని విడిచిపెట్టకూడదు. పనిగంటలు, సెలవులు, తొలగింపు వంటి విషయాలలో సాఫ్ట్‌వేర్ సంస్థలకు, దుకాణాలకు ఫ్యాక్టరీ చట్టం కాక ఈ రాష్ట్ర చట్టాన్ని చూడాలి.

ఐదవ అడుగు: జీతం పత్రాన్ని విప్పి చూడటం

పుస్తకంలో చదివిన చట్టం జీతం పత్రంలో అంకెలుగా కనిపిస్తుంది. ఇంట్లోనో బంధువుల్లోనో ప్రైవేటు ఉద్యోగం చేసేవారి పే స్లిప్ ఒకటి అడిగి తీసుకోండి. అందులోని ప్రతి వరుసకూ ఏ చట్టం, ఎంత శాతం అని పక్కన రాయండి. పీఎఫ్‌లో (భవిష్యనిధిలో) ఉద్యోగి వాటా సాధారణంగా 12 శాతం. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం, నెలకు 15,000 రూపాయల వేతన పరిమితికి లోబడి, పింఛను పథకానికి వెళుతుంది. ఈఎస్ఐకి (ఉద్యోగుల బీమా పథకానికి) ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి అది వర్తిస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూడండి. ఒక ఉద్యోగి మొత్తం జీతం 18,000 రూపాయలు. అందులో బేసిక్ (మూల వేతనం) 7,000, ఇంటి అద్దె భత్యం 7,000, ప్రయాణ భత్యం 4,000 అనుకుందాం. కొత్త కోడ్‌లు వేతనానికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, వేతనంలో కలపకుండా వదిలిపెట్టే భత్యాలు మొత్తంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. ఇక్కడ భత్యాలు 11,000, సగం 9,000. మించిన 2,000 కలిపితే వేతనం 9,000 అవుతుంది. గ్రాట్యుటీ అంటే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించడం. పదేళ్ల సర్వీసుకు 7,000 మీద అది సుమారు 40,385 రూపాయలు, 9,000 మీద సుమారు 51,923 రూపాయలు. బేసిక్‌ను తక్కువ చూపించి భత్యాలను పెంచే అలవాటు వల్ల ఒక సాధారణ ఉద్యోగి ఎంత కోల్పోతూ వచ్చాడో ఈ చిన్న లెక్క చెబుతుంది. అకౌంట్స్ విభాగం వేసిన అంకెను చట్టంతో సరిచూడగల హెచ్ఆర్ ఉద్యోగికి సంస్థలోనూ గౌరవం ఉంటుంది, ఉద్యోగులలోనూ నమ్మకం ఉంటుంది.

ఆరవ అడుగు: తీర్పు చదవడం

వారానికి ఒక తీర్పు చొప్పున చదివే అలవాటు చేసుకోండి. సుప్రీంకోర్టు వారి ఆన్‌లైన్ తీర్పుల సంకలనమైన ఈ-ఎస్‌సీఆర్‌లో తీర్పులు ఉచితంగా దొరుకుతాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ప్రతి తీర్పునూ ఒక పేజీకి కుదించి, ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, ఏ నియమం వర్తించింది, ఎందుకు అలా తేల్చారు అనే వరుసలో రాయండి.

మన యువతకు బాగా దగ్గరైన అంశం ఉద్యోగ బాండు (ఇన్నేళ్లు పనిచేస్తామని, ముందే మానేస్తే డబ్బు కడతామని రాసిచ్చే పత్రం) కాబట్టి దానితో మొదలుపెట్టవచ్చు. ఒప్పంద చట్టంలోని ఇరవై ఏడవ సెక్షన్, వృత్తి చేసుకోకుండా ఒకరిని అడ్డుకునే ఒప్పందం చెల్లదంటుంది. దీన్ని చదివిన విద్యార్థులు బాండ్లన్నీ చెల్లవని తేల్చేస్తారు. 2025లో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇచ్చిన తీర్పు చదివితే ఆ తొందరపాటు తగ్గుతుంది. మూడేళ్లు పూర్తి కాకముందే మానేస్తే రెండు లక్షల రూపాయలు కట్టాలన్న షరతును కోర్టు సమర్థించింది. ఉద్యోగం మానేసి వెళ్లాక మరోచోట పనిచేయకుండా అడ్డుకోవడం వేరు, పనిచేస్తున్న కాలానికి సంబంధించిన షరతు వేరు అనే తేడాను, ఒక ప్రభుత్వరంగ బ్యాంకుకు మళ్లీ నియామకం జరపడానికయ్యే ఖర్చును అందులో పరిగణనలోకి తీసుకున్నారు. దీన్నిబట్టి ఏ చిన్న కంపెనీ అయినా ఎంత మొత్తమైనా వసూలు చేయవచ్చని కూడా అనుకోకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుని ఉద్యోగులను బెదిరించే సంస్థలో మీరు హెచ్ఆర్‌గా చేరితే, ఈ తేడాలన్నీ తెలిసి ఉండటం మీ మనస్సాక్షికి అవసరం.

ఏడవ అడుగు: మనుషుల సంగతి

చట్టం ఎంత చదివినా, ఎదుట కూర్చున్న మనిషి చెప్పేది ఓపికగా వినలేకపోతే హెచ్ఆర్ పని రాదు. దీనికి మంచి అభ్యాసం పనిచోట లైంగిక వేధింపుల నివారణ చట్టం. ‘విశాఖ’ అనే స్వచ్ఛంద సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు మార్గదర్శకాల నుంచి 2013లో వచ్చిన ఈ చట్టం, పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలంటుంది, ఫిర్యాదుకు మూడు నెలలు, విచారణకు తొంభై రోజులు గడువు పెడుతుంది. నలుగురు విద్యార్థులు కలిసి ఒక ఊహాజనిత ఫిర్యాదు తయారుచేసుకుని, ఒకరు ఫిర్యాదుదారుగా, ఒకరు ప్రతివాదిగా, ఇద్దరు కమిటీగా విచారణ జరపండి. అడగవలసిన ప్రశ్న ఏది, అవమానించే ప్రశ్న ఏది, గోప్యత ఎక్కడ తప్పింది అనేవి అప్పుడు అర్థమవుతాయి. మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనల) పోటీలకు ఇచ్చే ప్రాధాన్యం మన కళాశాలలు ఇలాంటి విచారణలకు ఇవ్వకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే హెచ్ఆర్‌లో చేరిన విద్యార్థి హైకోర్టులో వాదించే సందర్భం రాదు, ఏడుస్తున్న ఉద్యోగి ఎదుట కూర్చునే సందర్భం తప్పక వస్తుంది.

ఎనిమిదవ అడుగు: ఇంటర్న్‌షిప్

సర్టిఫికెట్ కోసం ఎయిర్ కండిషన్డ్ ఆఫీసులో రెజ్యూమేలు వడపోసే ఇంటర్న్‌షిప్ ఒకటి చాలు. మిగతా సెలవులను వేర్వేరు చోట్ల గడపండి: ఒకసారి కార్మిక కేసులు చూసే న్యాయవాది దగ్గర, ఒకసారి హాజరు, పనిగంటల లెక్కలు చూసే కర్మాగారం టైమ్ ఆఫీసులో, వీలైతే ఒకసారి కార్మిక సంఘం కార్యాలయంలో. టైమ్ ఆఫీసులో హాజరు రిజిస్టర్, కాంట్రాక్టర్ తెచ్చిన కార్మికుల జాబితా, ఓవర్‌టైమ్ లెక్క ఎలా రాస్తారో గమనించండి. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగినటువంటి ఘోర ప్రమాదం తర్వాత కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న, ఆ షిఫ్టులో మా మనిషి ఉన్నాడా అని. దానికి జవాబు రిజిస్టర్‌లోనే ఉండాలి. పరిహారమైనా, ఈఎస్ఐ నుంచి వచ్చే ఆశ్రిత పింఛనైనా ఆ పేరు సరిగ్గా నమోదై ఉండటం మీదే ఆధారపడుతుంది. ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కార్మికుల పేర్లను సరిగ్గా రాయడం కోసం కాస్త హిందీ నేర్చుకోవడం కూడా ఈ చదువులో భాగమే అనుకోండి.

తొమ్మిదవ అడుగు: చివరి ఏడాది

ఐదేళ్ల కోర్సు చివరి ఏడాదిలో ఉన్నవారు ముందుగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. న్యాయవాదులు కావాలనుకుంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. హెచ్ఆర్‌లో పైచదువు కావాలనుకుంటే జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థకు గ్జాట్, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు క్యాట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. రెండింటికీ చివరి ఏడాది మొదలయ్యే ముందు వేసవి నుంచే గణితం, ఆంగ్లం సాధన చేయకపోతే సమయం సరిపోదు. నేరుగా ఉద్యోగంలోకి వెళ్లదలచిన వారు కర్మాగారాలలో సంక్షేమ అధికారి పోస్టులను కూడా చూడండి. కొత్త కోడ్ ప్రకారం 250 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులు ఉన్న ఫ్యాక్టరీలో ఆ అధికారి ఉండాలి, కాబట్టి ఇది పట్టణాలకు దూరంగా ఉన్న పారిశ్రామికవాడలలోనూ దొరికే పని. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితాతో పాటు, పాత, కొత్త నియమాలను పక్కపక్కన రాసుకున్న ఆ నోటుపుస్తకాన్ని, ఒక పేజీ తీర్పు సారాంశాలలో మెరుగైన పదింటిని శుభ్రంగా ఫైలు చేసి తీసుకెళ్లండి.